అరణపు గొర్రెలు, గేర్ల డబ్బా

నల్లగొండ,
నవంబరు 20, 1961.

సగం కారుకు పూర్తి యజమానురాలు, నా ఒక్కగానొక్క అక్క అండాలుకు, తమ్ముడు సైదులు చేతులు జోడించి, తల వంచి, వంచడానికి ఇంకేమీ మిగలక రాసేది:

మన కారు మంచాన పడింది. కంగారు పడకు, ప్రాణం ఉంది. ఇంజను గుండె చక్కగా కొట్టుకుంటోంది. హారను వింటే ఇప్పటికీ ఎడ్లు బెదురుతున్నాయి. నాలుగు చక్రాలూ గుండ్రంగానే ఉన్నాయి. జబ్బల్లా గేర్ల డబ్బాలో. దసరాకు రామన్నపేటలో మన వాకిట్లో రెండు రోజులు నిలిపి, నార్కట్‌పల్లికి తిరిగి వచ్చిన దగ్గరి నుంచి మొదలైంది.

గేర్ల డబ్బా అంటే ఏమిటో నీకు విన్నవించడం నా విధి. ఇంజను బలాన్ని చక్రాలకు ఎప్పుడు ఎంత పంచాలో చూసే పెద్దమనిషి అది. ఎత్తు ఎక్కేటప్పుడు ఒక పాలు, చదును నేల మీద ఇంకో పాలు. ఆ పెద్దమనిషికి ఇప్పుడు మతి చలించింది. మొదటి గేరు నుంచి రెండో గేరుకు పోవడమంటే పొలం గట్టు కోసం కొట్టుకుంటున్న ఇద్దరు పాలివాళ్లను రాజీ చేసినంత పని. మూడోది పడుతుంది గాని నిలవదు, చేత్తో అదిమి పట్టుకుని కూర్చోవాలి. వెనక్కి పోయే గేరు మాత్రం పిలవకముందే పలుకుతుంది. ప్రయాణికులందరినీ వెనక్కి నడుపుతూ ఊళ్లు చేరుద్దామా అని కూడా గంభీరంగా ఆలోచించాను. మొన్న ఒక ముసలాయన దిగుతూ అన్నాడు: "బిడ్డా, కిరాయి ఇస్త గని, గిది బండా, జొన్నలు ఇసిరే రాయా?"

నల్లగొండలో ఎల్లస్వామి గ్యారేజీకి తెచ్చాను. ఈ జిల్లాలో విలాయతి కార్లకు ఆయనే పెద్ద వైద్యుడు. ఇనుప కడ్డీ ఒక కొన డబ్బాకు, ఇంకో కొన చెవికి ఆనించి, కళ్లు మూసుకుని విన్నాడు. కళ్లు తెరిచి, "డబ్బా పాయె సారూ. పండ్లన్ని అరిగినయ్. మొత్తం మార్చాలె. బొంబాయికెళ్లి రావాలె మాల్" అన్నాడు. ఖర్చు కూడా చెప్పాడు. ఆ అంకె ఇక్కడ రాయను, కవరు బరువెక్కి తపాలావాళ్లు ఇంకో బిళ్ల అంటించమంటారు. గొర్రెల లెక్కలో చెబుతాను. కారు కోసం నీ నల్ల గొర్రెలను అమ్మాం కదా, అంత మందలో సగానికి పైగా మళ్లీ అమ్మాలి. అమ్మడానికి అవి లేవు, ఈ కారులోనే ఉన్నాయి. నాయిన నీ పెళ్లిలో అరణంగా పెట్టి, తన మందలోనే మేపుకుంటూ వచ్చిన జీవాలు. రెండో గేరు వేసినప్పుడల్లా అవే అరుస్తున్నట్టు వినిపిస్తోంది.

ఏం చేయమంటావో సెలవియ్యి. మీ అత్తకు, బావకు ఈ కారు సంగతి చెప్పావా?

ఆజ్ఞకు బద్ధుడు,
సైదులు, బి.ఎ., డ్రైవరు.


నారాయణపేట,
డిసెంబరు 2, 1961.

సైదులుకు అక్క దీవించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. ఏడో తరగతి దాకా చదివించినందుకు నాయినకు దండం పెట్టుకున్నాను. ఆ ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకునే రాత ఉంటే, ఈపాటికి నేను వాకిట్లో నిలబడి ఉండేదాన్ని.

చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. గొర్రెలు ఇంకా మన నాయిన మందలోనే మేస్తున్నాయని ఇక్కడందరి నమ్మకం. కిందటి ఉన్ని కోతప్పుడు మందకు గాలికుంటు రోగం వచ్చి ఉన్ని పాడైందని అబద్ధమాడాను. మొన్న మా అత్త గోపమ్మ రాట్నం ముందు కూర్చుని, దారం మీది నుంచి చూపు తీయకుండానే అడిగింది.

"అండాలూ, సంకురాత్రి కోతకన్న నీ గొర్రెల ఉన్ని వస్తదా, రాదా? నల్ల ఉన్ని లేక ఒక్క మంచి గొంగడి మగ్గం దిగలే ఈ ఏడు."

"వస్తదత్తా" అన్నాను. ఏ నోటితో అన్నానో నాకే తెలియదు.

తమ్ముడూ, ఒక మాట అర్థం చేసుకో. ఈ ఇంట్లో బియ్యం గుమ్మి తాళం అత్త దగ్గర. గొంగళ్లు అమ్మిన పైసలు మీ బావ దగ్గర. నా అరణం ఒక్కటే నాది. దాన్ని అమ్మకూడదని ఎవరూ అనలేరు గాని, అమ్మి ఏం చేశావని అడిగే నోళ్లు చాలా ఉన్నాయి. కారు నడిచి, సంపాదించి, నాలుగు నల్ల గొర్రెలను మళ్లీ కొన్నాక చెబుదామనుకున్నాను. ఇప్పుడు కారే పోయిందంటే, నాది అని చూపించడానికి నాకేం మిగులుతుంది? ఆ తర్వాత ఈ ఇంట్లో ఏ మాటకైనా "నీకు తెలివి ఉంటే అరణం ఎందుకు పోగొట్టుకుంటివి" అంటారు. బతికినన్ని రోజులూ అంటారు.

కాబట్టి కారు పోవద్దు. ఒక్కడి మాట విని డబ్బా మార్చకు. జ్వరమొస్తే ఒక్క దవాఖానకే పోతామా? హైదరాబాదులో కనుక్కో. అమ్మే మాట మాత్రం ఎత్తకు.

నీ ఒళ్లు జాగ్రత్త. వేళకు తిను.

అండాలు.


నార్కట్‌పల్లి,
డిసెంబరు 18, 1961.

యజమానురాలి సముఖానికి,

తమ ఆజ్ఞ శిరసావహించి హైదరాబాదు వెళ్లాను. కారులో కాదు, బస్సులో. కారును ఆ గేరుతో తీసుకుపోతే నీకు మనవలు పుట్టేనాటికి చేరతాను. అక్కడ పెద్ద గ్యారేజీ. నేలంతా నున్నటి గచ్చు, దాని మీద అన్నం వడ్డించుకుని తినవచ్చు. టై కట్టుకున్న ఒకాయన "కారు ఏది?" అన్నాడు. "నల్లగొండలో ఉంది" అన్నాను. "మరి జబ్బు ఎలా తెలుస్తుంది?" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, ఆ చప్పుడు నోటితో చేసి చూపించాను. ముందు మొదటి గేరు, ఆ తర్వాత రెండోది. పని చేసేవాళ్లందరూ పానాలు కింద పెట్టి చుట్టూ మూగారు. ఆయన ఏమాత్రం నవ్వకుండా, "రెండో గేరు ఇంకోసారి చేయండి" అన్నాడు. చేశాను. టైపు కొట్టించిన కాగితం చేతికిచ్చాడు. ఎల్లస్వామి అడిగినదానికన్నా ఎక్కువ. అక్కా, ఆ టై ఖరీదు కూడా అందులో కలిపారని నా దృఢ విశ్వాసం.

తిరిగి నల్లగొండ వెళ్లేసరికి ఎల్లస్వామి కొత్త పాట ఎత్తుకున్నాడు.

"సారూ, మీరు బీయే చదివిండ్రు. గీ నల్లటి చేతులు మీకెందుకు? తాసిల్ కచేరిల నౌకరి చూసుకోండ్రి. బండిని ఉన్నదున్నట్టు నేనే తీసుకుంట. ఇనుము లెక్కల."

"ఇనుము లెక్కలో తీసుకుని ఏం చేస్తారు మేస్త్రీ?"

"ఏం జేస్త? పక్కకు పడేస్త."

పక్కకు పడేసే వస్తువును ఆయన మూడుసార్లు చుట్టూ తిరిగి చూశాడు. సీటు మీద చెయ్యి వేసి నిమిరాడు. తలుపు తెరిచి మూసి, దాని చప్పుడు విని, తలాడించాడు. మా కాలేజీలో పెళ్లిచూపులకు పోయి వచ్చినవాళ్లు కూడా ఇంత శ్రద్ధగా చూడలేదని చెప్పేవారు. అమ్మనని చెప్పి వచ్చేశాను.

ఇక ఉన్ని విషయం. నాయిన మందలో మిగిలినవి ఎర్ర గొర్రెలు. వాటి ఒంటి మీద ఉన్నదాని కంటే నా గడ్డం మీద ఎక్కువ ఉంటుంది. కావాలంటే నేను సంక్రాంతి దాకా గడ్డం పెంచుతాను, తమ్ముడిగా నా వంతు సాయం. లేదంటే బజారులో నల్ల ఉన్ని కొని, మన గొర్రెలదేనని మూట కట్టి పంపనా? ఆలోచించు.

గడ్డం నేటి నుంచే మొదలు.

సైదులు.


నారాయణపేట,
జనవరి 5, 1962.

సైదులూ,

గడ్డం గీయించుకో. ఉన్ని కొనకు. మా అత్త గుప్పెడు ఉన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, ఆ గొర్రె ఏ నేల గడ్డి మేసిందో చెబుతుంది. పైగా ఒక అబద్ధానికి మూట కట్టి, తాడు బిగించి పంపాలా?

ఇక్కడ సంగతి ముదిరింది. నిన్న పొద్దున అత్త పిలిచింది.

"నువ్వే పోయి తే."

"ఏంది అత్తా?"

"ఉన్ని. మీ నాయినకు యాదికుంటదో ఉండదో. కోతకాడ నిలబడి, నీ జీవాల ఉన్ని నువ్వే సంచిల నింపుకుని రా. పదిరోజులు ఉండి రా, నీకు గూడ మనసు బాగయితది."

ఎంత ప్రేమగా చెప్పిందో! అరిచి చెప్పినా బాగుండేది. మీ బావ అంజన్న అక్కడే తలపాగా చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడంలో ఆయనను మించినవాడు లేడు.

రేపో ఎల్లుండో బయలుదేరి రామన్నపేట వస్తున్నాను. ఖాళీ సంచి నాతోనే ఉంటుంది. ఖాళీ సంచితో తిరిగి ఎలా పోవాలో దారిలో ఆలోచిస్తాను. కారు బాగయ్యే దారి నువ్వు ఆలోచించు. ఇద్దరిలో ఒకరికన్నా ఏదో ఒకటి తోచాలి.

అండాలు.


నల్లగొండ,
జనవరి 14, 1962.

అక్కా,

ఈ ఉత్తరంలో నవ్వు కోసం వెతకకు.

ఎల్లస్వామి ఇంకొంచెం పెంచాడు. వచ్చే సోమవారం పైకం చేతిలో పెట్టి కారు తీసుకుంటానన్నాడు. ఒప్పుకున్నాను. బొంబాయి డబ్బాకు పెట్టే పైకం నాకు ఏ దిక్కు నుంచీ రాలేదు. అడగాల్సిన వాళ్లందరినీ అడిగాను. అడగకూడని ఒకరిద్దరిని కూడా అడిగాను. మాఘంలో చెర్వుగట్టు జాతర వస్తోంది. ఏడాది మొత్తంలో కిరాయిలు దొరికేది ఆ కొద్ది రోజులే. అప్పుడు కూడా కారు నిలబడే ఉంటే, ఆ తర్వాత దానిని ఇనుము లెక్కలోనైనా ఎవరూ అడగరు.

వచ్చిన దానితో అంగడిలో దొరికినన్ని నల్ల గొర్రెలు కొని రామన్నపేట తోలుకొస్తాను. మునుపటి అన్ని రావు. సగం వచ్చినా గొప్పే. కానీ నీవి అని చూపించడానికి నీకు ఏదో ఒకటి ఉంటుంది. మందకు రోగం వచ్చి తగ్గాయని చెప్పుకోవచ్చు. నాకోసం నీ అరణం తీసి ఇచ్చావు. నా గొప్ప కోసం నిన్ను నలుగురిలో నిలబెట్టను.

తాసిల్ కచేరికి అర్జీ పెట్టాను. అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని మెచ్చుకున్నారు.

సైదులు.


రామన్నపేట,
జనవరి 20, 1962.

సైదులూ,

ఈ చీటీ తపాలాలో వేస్తే సోమవారం దాటిపోతుంది. అందుకే నల్లగొండ బస్సు డ్రైవరు చేతికిచ్చి, చిల్లర కూడా ఇచ్చి, "నా తమ్మునికే ఇయ్యాలె, ఎల్లస్వామికి గాదు" అని మూడుసార్లు చెప్పి పంపుతున్నాను. ముందు ఇది విను: కారు అమ్మకు. చదివేటప్పుడు నిలబడి ఉంటే కూర్చో.

పొద్దున నాయిన బండి చక్రం ఊడదీసి ఇరుసుకు కందెన పెడుతున్నాడు. నీకు తెలియనిదా, గడ్డి కాల్చిన బూడిద ఆముదంలో మెదిపి ఎద్దు కొమ్ములో దాచుకుంటాడు కదా, అదే. నేను పక్కన కూర్చుని నీ కారు సంగతి ఎత్తాను. అప్పటి దాకా ఎవరమూ ఆయనకు చెప్పనే లేదు.

"నాయినా, తమ్ముని కారు ఖరాబయిందట. నడుస్తలేదట."

నాయిన తలెత్తి, నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూశాడు.

"ఎట్ల ఖరాబయితది? నేను కందెన వెట్టిన గద."

"దేనికి?"

"దానికే. దసరకు వచ్చినప్పుడు ఆడు అడుగు పలక లేపి, బిరడ తీసి, సన్నటి నూనె పోసిండు. నీళ్ల లెక్క ఉన్నది. గంత బరువు బండికి గా నీళ్లు ఆగుతయా బిడ్డా? ఆడు అంగట్లకు పోయినంక నేనే పానా వెట్టి బిరడ ఇప్పిన. కొమ్ముల ఉన్నదంత కుక్కిన. ఇంక జాగా ఉంటే, మీ అమ్మ తలకు రాసుకునే ఆముదం సీస గూడ ఒంపిన."

"ఆనికి చెప్పినవా?"

"ఏం చెప్పుడు? కొడుకు బండికి తండ్రి కందెన వెట్టుడు గూడ డప్పు కొట్టి చెప్తరా?"

తమ్ముడూ, నాయినకు కారంటే పడదని కదా మనం అనుకున్నాం. ఎడ్లు లేని బండి అని ఒక్కసారి కూడా ఎక్కలేదు. మనం చూడనప్పుడు మాత్రం దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని, ఇంట్లో ఉన్న మంచి ఆముదమంతా దానికి తాగించాడు. నాకు నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆయన ముందు రెండూ మింగి, "మంచిగ చేసినవ్ నాయినా" అన్నాను.

ఇప్పుడు చెప్పేది విను. పండ్లు అరిగాయని ఎల్లస్వామి చెవితో విన్నాడు. హైదరాబాదు ఆయన నీ నోటితో విన్నాడు. కళ్లతో ఎవరూ చూడలేదు. ఆ డబ్బా విప్పించు. విప్పుతున్నంత సేపు పక్కనే నిలబడు. వాడు వద్దంటే, అక్క తన సగం అమ్మనన్నదని చెప్పు. నీ సగం ఒక్కటే కొనుక్కుని, ఏ రెండు చక్రాలు కావాలో కోసుకుపొమ్మను.

ఆ కచేరి అర్జీ వెనక్కి తెచ్చుకో. నీ అక్షరాలు అంత గుండ్రంగా ఏమీ లేవు.

అండాలు.


నల్లగొండ,
జనవరి 25, 1962.

శ్రీ శ్రీ శ్రీ యజమానురాలు గారికి,

గడ్డం గీయించుకున్నాను. నవ్వు తిరిగి వచ్చింది. జరిగినదంతా వరసగా విన్నవిస్తాను.

నీ చీటీ జేబులో పెట్టుకుని ఎల్లస్వామి దగ్గరికి పోయేసరికి, ఆయన పైకం రుమాలులో కట్టి సిద్ధంగా ఉన్నాడు.

"మేస్త్రీ, అమ్మే ముందు ఒక చిన్న కోరిక. డబ్బా విప్పండి."

"పోయిన డబ్బను ఇప్పుడెందుకు సారూ? చచ్చినోని నాడి చూస్తరా?"

"విప్పండి. విప్పిన కూలి నేనిస్తా."

"ఇప్పితే మల్ల ఎక్కదు. పండ్లు కింద రాలుతయ్. నేను గూడ తీసుకోను అప్పుడు, చెప్తున్న."

అక్కా, ఆ మాటకు రుమాలు వైపు ఒకసారి చూశాను. నీకు చెప్పకుండా ఎలా ఉండను? రుమాలు అటు, డబ్బా ఇటు. విప్పాక పండ్లు నిజంగానే రాలితే రుమాలు కూడా ఉండదు, నీ గొర్రెలలో ఒక్క తోక కూడా తిరిగి రాదు. అయినా చాప పరిచి అక్కడే కూర్చున్నాను. "పొద్దుగూకే దాకా ఇక్కడే ఉంటా. మీరు విప్పకపోతే పానా ఇవ్వండి, నేనే విప్పుతా. బి.ఎ.లో అది చెప్పలేదు గాని, ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి కదా" అన్నాను. నా చేతికి పానా ఇవ్వడం ఇష్టం లేక ఆయనే కారు కిందికి దూరాడు.

డబ్బా దించి మూత తీశాడు. నూనె కారలేదు. లోపల నల్లటి ముద్ద, చింతపండు తొక్కులా, కదలకుండా కూర్చుంది. ఎల్లస్వామి వేలితో తీసి చూశాడు. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. ముద్దలో నుంచి కాలీ కాలని గడ్డిపోచ ఒకటి లాగి, వెలుతురులో పెట్టి, నన్ను చూశాడు.

"సారూ, గిది ఆముదం."

"అవును."

"గిది గడ్డి."

"అవును."

"గేర్ల డబ్బల గడ్డెందుకున్నది?"

"మా నాయిన ప్రేమ మేస్త్రీ" అన్నాను.

ఆయన ఎడ్లబండి ఇరుసును, కందెన కొమ్మును తలుచుకున్నట్టున్నాడు. ముందు పొట్ట కదిలింది, తర్వాత భుజాలు. చివరికి కింద కూర్చుని, రుమాలుతో కళ్లు తుడుచుకున్నాడు, పైకం కట్టిన రుమాలుతోనే. "మా అయ్య గూడ గిట్లనే, పిండి గిర్నికి కందెన వెట్టిండు సారూ, గిర్ని సేటు తంతనని వచ్చిండు" అన్నాడు. ఆ తర్వాత మనిషే మారిపోయాడు. దీపాల గ్యాస్ నూనెతో పండ్లన్నీ కడిగాడు. ఒక్కొక్క పన్ను తిప్పి నాకు చూపించాడు. అన్నీ బాగానే ఉన్నాయి, రెండో గేరు చక్రానికి ఒక పన్ను మాత్రం కొసన విరిగింది. "చెవిని నమ్మితి, తప్పయింది" అని గట్టిగానే అన్నాడు. తన దగ్గర పడి ఉన్న పాత డబ్బాలో నుంచి సరిపోయే చక్రం ఒకటి ఏరి వేశాడు. కొత్త లెక్క చెప్పాడు. అది ఎంతంటే, నా కాలేజీ కోటు అమ్మితే సరిపోయింది. ఎటూ ఆ కోటు మోచేతుల దగ్గర ఊపిరి పీలుస్తోంది.

కారు నడుస్తోంది అక్కా. రెండో గేరు వెన్నలా పడుతోంది. జాతర కిరాయిలకు నాలుగు కుటుంబాలు ఇప్పుడే మాట ఇచ్చాయి. కచేరి అర్జీ వెనక్కి అడిగితే, గుమాస్తా బాధపడ్డాడు.

నాయినకు నిజం చెప్పడానికి రామన్నపేట పోయాను. నీవు అప్పటికే బస్సెక్కావు. ఆయన కారు చుట్టూ తిరిగి, "చూసినవా, కందెన వెడితె ఎట్ల మెత్తగ పోతుందో" అన్నాడు. నోటి దాకా వచ్చిన నిజం తిరిగి లోపలికి పోయింది. కానీ కొమ్ము ఆయన చేతిలోనే ఉంది! అందుకని, "నాయినా, డబ్బా కడుపు నిండింది. ఇక తలుపుల బందులకు పెట్టు, అవి బాగా అరుస్తున్నాయి" అని చూపించాను. నాలుగు తలుపుల బందులకూ పెట్టాడు. ఇకపై ఎక్కేవాళ్ల ధోవతులకు నేను జవాబు చెప్పుకోవాలి. అది నా తలనొప్పి.

మరి నీ ఖాళీ సంచి సంగతి ఏమైంది?

సైదులు.


నారాయణపేట,
ఫిబ్రవరి 6, 1962.

సైదులూ,

నీ ఉత్తరం చదివి చాలా రోజుల తర్వాత కడుపు నిండా అన్నం తిన్నాను. సంచి సంగతి చెబుతాను.

దారి పొడుగునా ఒకటే అనుకున్నాను. కారు బాగుపడినా బాగుపడకున్నా, ఇక అబద్ధం మోయను. నీ ఉత్తరం రాకముందే చెప్పేశాను. ఇల్లు చేరగానే సంచి దులిపి అత్త ముందు పెట్టాను.

"ఉన్ని ఏది?"

"లేదత్తా. గొర్రెలు గూడ లేవు. అమ్మిన."

రాట్నం ఆగింది.

"ఎవలనడిగి?"

"నావి గద అత్తా."

మీ బావ మగ్గం గుంటలో నుంచి లేచి నిలబడ్డాడు. అత్త ఆయనను చూడలేదు, నన్నే చూసింది.

"ఎప్పుడు?"

"కిందటి ఎండకాలం."

"మరి మందకు గాలికుంటంటివి?"

"అబద్ధం."

"అమ్మి ఏం తెచ్చినవ్?"

"తమ్ముడు, నేను కలిసి కారు కొన్నం. కిరాయికి తిరుగుతది. దసర కాడికెళ్లి ఖరాబున్నది. బాగయితదో కాదో ఇంక తెల్వదు."

తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. పది రోజులు నాతో మాట్లాడనే లేదు. చెంబు కావాలన్నా గోడకు చెప్పింది. మీ బావ మాత్రం పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు: "నాకన్న చెప్పరాదా?" "చెబితే వద్దంటవని" అన్నాను. ఆలోచించి, "అంటుంటి" అన్నాడు. అంతే.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. కారు నడుస్తోందని అందరూ వినేటట్టు చదివాను, నాయిన సంగతి కూడా. అత్త పెదవి కొరుక్కుంది. నవ్వు ఆపుకుందో కోపం ఆపుకుందో తెలియలేదు. చివరికి నాతోనే మాట్లాడింది: "ఉన్ని ఏడాదికి రెండుసార్లు వస్తది. నీ కారుకు ఎన్నిసార్లు వస్తదో నేను చూడాలె. తోలుకరమ్మను మీ తమ్ముని."

జాతర అయ్యాక రా. కారు కడిగి తీసుకురా. నువ్వు కూడా కడుక్కో.

అండాలు.


నార్కట్‌పల్లి,
మార్చి 4, 1962.

అక్కా,

ఇల్లు చేరాను. జాతర దుమ్ము, మీ ఊరి దుమ్ము రెండూ కారు మీదే ఉన్నాయి. ఏది ఏదో చెప్పలేను.

నువ్వు గడప దగ్గర నిలబడి చూస్తుండగా మీ అత్త కారు ఎక్కింది కదా, ఆ తర్వాత కథ నీకు తెలియదు. వెనక సీటు గొంగళ్ల మూటలతో నిండిపోయింది, ముందు సీటులో ఆమె. మహబూబ్‌నగర్ అంగడి దాకా రోడ్డు మీది నుంచి చూపు తిప్పలేదు. నా చేతి కింద గేరు కడ్డీని మాత్రం చూసింది.

"గిదేనా, గడ్డి తిన్నది?"

"ఇదే అత్తమ్మా."

"ఇప్పుడు తింటలేదు గద?"

"లేదు."

"తింటే గొంగళ్ల మీద పడతది, చూసుకో."

ఒక ఊరి దగ్గర బస్సు మమ్మల్ని దాటబోయింది. "గదేంది, మనల్ని దాటుతాంది, తొక్కు!" అంది. తొక్కాను. మూడో గేరు చెక్కుచెదరలేదు. అంగడి వేళకు దిగింది. బస్సు మీద మూటలు వేసుకుని పోయేటప్పుడు ఎండ నడినెత్తికి వచ్చాక చేరేదట, మంచి బేరాలు అప్పటికి అయిపోయేవట. ఆ రోజు ఒక్క గొంగడి కూడా తిరిగి మోసుకురాలేదు. తిరుగు దారిలో కిటికీ మీద మోచెయ్యి పెట్టుకుని కూర్చుంది, అచ్చం మన ఎమ్మెల్యేల్లా.

కిరాయి ఇవ్వలేదు. నేనూ అడగలేదు. నీ అత్త, పెద్దమనిషి, మొదటిసారి ఎక్కింది, పైగా నీ మీద అలిగి ఉంది. పెట్రోలు నా నెత్తిన వేసుకుని నమస్కారం పెట్టి వచ్చేశాను. సరిగ్గా చేశాను కదా?

జాతర రాబడిలో నీ సగం నీకు అక్కడే ఇచ్చాను. మొదటి రెండు నల్ల గొర్రెలు ఎప్పుడు కొనమంటావో చెప్పు.

సైదులు.


నారాయణపేట,
మార్చి 15, 1962.

సైదులూ,

సరిగ్గా చేయలేదు.

ఊరికే ఎక్కించుకున్నావు. మరుసటి రోజు బావి దగ్గర మా అత్త నలుగురితో, "మా ఇంటి కారు" అంటుంటే విన్నాను. మా ఇంటి గుమ్మి, మా ఇంటి మగ్గం, ఇప్పుడు మా ఇంటి కారు. ఇంకో నాలుగు నెలలు ఇలాగే పోతే, ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో మా ఇంట్లో కూర్చుని చెబుతారు. నీకు ఎప్పుడు ఊరికి రావాలో కూడా చెబుతారు. నా గొర్రెలను నేను అందుకు అమ్మలేదు.

నిన్న సాయంత్రం అత్త దారం చుడుతుంటే పక్కన కూర్చుని అడిగాను.

"అత్తా, మొన్నటి కారు కిరాయి రాలే."

"ఏ కారు?"

"నాది."

"మన బండికి కిరాయేందే?"

"మన బండి గాదత్తా. నాది, మా తమ్మునిది. నీ గొంగళ్లకు నేనెప్పుడన్న లెక్కడిగిన్నా?"

దారం తెగింది. ముడివేసింది. మీ బావ దీపం వత్తి సరిచేస్తూ, అది ఇప్పటికే బాగా వెలుగుతున్నా సరిచేస్తూనే ఉన్నాడు.

"మనిషికేనా? గొంగళ్లకు గూడనా?"

"గొంగళ్లకు గూడ. బస్సోడు వదిలిపెడతడా?"

"బస్సోడు నన్ను కిటికి కాడ కూసోబెట్టడు" అని గొణిగి, కొంగు ముడి విప్పింది. బస్సు వాడికి ఇచ్చేదానికి ఒక్క పైసా ఎక్కువ కాకుండా లెక్కపెట్టి నా చేతిలో పోసింది. పోసి, నా పిడికిలి మూసి పట్టుకుని, "వచ్చే అంగడికి మల్ల పోవాలె. ముందు సీటు ఇంకెవలకు చెప్పద్దని రాయి మీ తమ్మునికి. కిరాయి ఇచ్చేదాన్ని, వెనక కూసోను" అంది.

రాస్తున్నాను. ముందు సీటు ఇంకెవరికీ చెప్పకు.

గొర్రెలకు తొందరలేదు. ముందు నాలుగు కొత్త టైర్లు చూడు. కిరాయిలో నా సగం ఉంచుకుని, నీ సగం మనియార్డరు చేశాను. దాని కమీషను నీ సగంలో నుంచే కట్టాను, అడగకుండా ఊరికే ఎక్కించుకున్నందుకు.

అండాలు.